శనివారం ఆకులు
అక్టోబరు నడిమికి వచ్చిందంటే వాషింగ్టన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు పులిహోర డబ్బాలు సర్దుకుని, రంగు మారే ఆకులు చూడటానికి షెనాండోవా నేషనల్ పార్కుకు బయల్దేరతాయి. వెళ్లాల్సిందే. కానీ శనివారం మధ్యాహ్నమా? పార్కులోని 105 మైళ్ల రోడ్డు స్కైలైన్ డ్రైవ్ మీద వేగం ఎటూ గంటకు 35 మైళ్లు దాటకూడదు. ఆ రద్దీలో అదీ కుదరదు, చూసేది ముందు కారు బ్రేక్ లైట్లనే. పైగా అందరికీ ఎరుపే కావాలి (ఫొటోలో పడాలిగా!). హికరీ చెట్ల పసుపుకేం తక్కువ? ఆ పసుపు వేసవంతా ఆకులోనే ఉంటుంది, పత్రహరితం తగ్గాక బయటపడుతుంది. మేపుల్ ఎరుపు మాత్రం ఎండ పగళ్లు, చలి రాత్రుళ్లు కలిసొస్తేనే చిక్కబడుతుంది. రాలిన హికరీ ఆకొకటి వెలుతురుకు ఎత్తి పట్టండి: ఈనెల వెంట ఇంకా పచ్చదనం, అంచుల్లో పసుపు. వీలైతే సెలవు పెట్టి మంగళవారం పొద్దున్నే వెళ్లండి. కారు దిగి ఒక మైలైనా నడవండి.