దేశాల ఒప్పందంలో కూలివాని వాటా

దేవునికి మందిరం కట్టడానికి పూనుకున్న సొలొమోను పొరుగు రాజ్యమైన తూరు సాయం కోరాడు. లెబానోనులో దేవదారు మాను ఉంది, దాన్ని నరికే నేర్పు సీదోనీయులకుంది. ఇశ్రాయేలులో గోధుమలు, నూనె ఉన్నాయి. తూరు రాజు హీరాముతో కుదిరిన ఈ ఒప్పందంలో మనం అంతగా పట్టించుకోని రెండు సంగతులున్నాయి. పరాయి దేశపు పనివారి జీతమెంతో నిర్ణయించమని సొలొమోను హీరామునే కోరాడు (1 రాజులు 5:6). యెరూషలేము పనివారితో కలిసి పనిచేసే ఒక ఆరితేరిన నిపుణుణ్ణి కూడా పంపమన్నాడు (2 దినవృ. 2:7). అంటే న్యాయమైన జీతం, నైపుణ్యం రెండూ రాజుల మాటల్లోనే చోటు చేసుకున్నాయి.

అయితే ఆ నిర్మాణానికి మరో ముఖం ఉంది. సొలొమోను తన ప్రజల్లో 30,000 మందిని వెట్టికి పట్టాడు. నెలకు 10,000 మంది చొప్పున లెబానోనుకు పంపాడు. ఒక నెల అక్కడ, రెండు నెలలు ఇంటి దగ్గర. ఇల్లు చూసుకునే వీలు దొరికింది కానీ, రానని చెప్పే స్వేచ్ఛ దొరకలేదు. ఆయన తర్వాత రెహబాము ఆ కాడి బరువు తగ్గించడానికి ఒప్పుకోకపోవడంతో పది గోత్రాలు విడిపోయాయి. వెట్టిపనుల అధికారిని జనం రాళ్లతో కొట్టి చంపారు (1 రాజులు 12). సొలొమోను విగ్రహారాధన వల్లనే రాజ్యం చీలిందని మనం బోధిస్తాం. అది నిజమే. కానీ ఆ తీర్పు నెరవేరిన దారి మాత్రం కూలివాని మూలుగే!

లోకం కూడా ఈ పాఠాన్ని రక్తం చిందాకే నేర్చుకుంది. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పుట్టింది. శ్రామికునికి న్యాయం జరగనిదే శాంతి నిలవదన్నది దాని పునాది. భారతదేశం దాని వ్యవస్థాపక సభ్యదేశం. మనిషి శ్రమ అమ్మకపు సరుకు కాదని ఆ సంస్థ 1944లో ఫిలడెల్ఫియాలో ప్రకటించింది. ఇంటిపనివారికి వారంలో కనీసం 24 గంటల విడవని విశ్రాంతి ఉండాలని 2011లో ఒడంబడిక చేసింది. విశ్రాంతిదినం దాసదాసీలకూ పరదేశికీ కూడా అని దేవుడు సీనాయి కొండ మీద చెప్పిన మాటకు లోకం ఎంత ఆలస్యంగా చేరిందో చూడండి.

ఇది మనకు దూరపు సంగతి కాదు. నిజామాబాద్, జగిత్యాల పల్లెల నుంచి నిర్మాణ పనులకు, కడప, గోదావరి ప్రాంతాల నుంచి ఇంటిపనులకు గల్ఫ్ వెళ్లినవారు మన సంఘాల్లోనే ఉన్నారు. యజమాని అనుమతి లేనిదే ఉద్యోగం మారకూడదన్న నియమాన్ని ఖతార్ 2020లో తీసేసింది. 2021 మార్చి నుంచి ఇంటిపనివారితో సహా అందరికీ నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనం అమలులోకి తెచ్చింది. ఖతార్ ప్రభుత్వం, కార్మిక సంస్థ కలిసి పనిచేసినందువల్లే ఇది సాధ్యమైంది. చట్టం మారినంత మాత్రాన ప్రతి యజమాని మనసు మారదు. అయినా కూలివాడు చేతపట్టుకుని నిలబడడానికి ఒక కాగితం దొరికింది.

నైపుణ్యం సంగతీ అంతే. ఇక్కడ ఇరవై ఏళ్లు తాపీ పట్టిన మేస్త్రీ సర్టిఫికెట్ లేనందుకు అక్కడ హెల్పర్ అవుతాడు. ఒక దేశంలో నేర్చిన పనిని మరో దేశం గుర్తించాలంటే ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకోవాలి. బెసలేలుకు చేతిపనిని నేర్పింది దేవుని ఆత్మ. ఇతరులకు నేర్పే మనసు కూడా ఆయనే ఇచ్చాడు (నిర్గమ 35:34). దేవుడిచ్చిన నేర్పును కాగితం లేదని తక్కువ కూలికి కొనడం అన్యాయం.

మరి సంఘం ఏం చేయాలి? విమానమెక్కేవారి కోసం ప్రార్థించి పంపుతున్నాం, మంచిదే. ఆ ప్రార్థనకు ముందు ఏజెంటు ప్రభుత్వం దగ్గర నమోదైనవాడా, చేతిలో ఉన్నది పనివీసానా విజిట్ వీసానా, ఒప్పందంలో జీతమెంత రాశారు అని ఎవరైనా కూర్చుని చదివి చెబుతున్నామా? చర్చి హాలు వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉంటుంది. అందులో ఒక ఎలక్ట్రీషియన్, ఒక నర్సు యువతకు పని నేర్పకూడదా?

కూలివాడు స్వదేశీయుడైనా పరదేశియైనా పొద్దుగూకకముందే కూలి చేతికందాలన్నది ధర్మశాస్త్రం (ద్వితీ. 24:14,15). ఆ ఆజ్ఞకు సరిహద్దుల్లేవు. విదేశాల నుంచి వచ్చిన దశమభాగాన్ని సంతోషంగా అందుకునే సంఘం, దాన్ని సంపాదించిన చేతుల క్షేమాన్ని కూడా అడిగి తెలుసుకోవాలి. బిగబట్టిన కూలి మొర సైన్యములకధిపతియగు ప్రభువు చెవుల్లో పడుతుందని యాకోబు హెచ్చరించాడు. అది ముందుగా మన చెవిన పడాలి.