పాతాళగరిగె

వెనకటి యిళ్లలో పాతాళగరిగె అని వొక వస్తువు వుండేది. ఇనప వలయం, దాని చుట్టూ వేలాడే కొక్కేలు. బావిలో చేదో బిందెయో జారిపడితే, వీధిలో యెవరింట అది వున్నదో అక్కడికి పరుగెత్తి, తెచ్చి, తాడుకట్టి దించి, నీళ్ల అడుగున గుడ్డిగా దేవేవారు. కుళాయిలొచ్చి దాని పేరు కూడా మరిపించాయి. మొన్న తరగతిలో ఆ మాటకు అర్థమడిగితే వొక కుర్రవాడు తడుముకోకుండా ఎన్.టి. రామారావు సినిమా అన్నాడు!

ఆ పాతాళగరిగెకు యిప్పుడు కళ్లు మొలిచాయి. నీటి అడుగున తిరిగే డ్రోన్లంటే అవే. ఆకాశంలో యెగిరే డ్రోనుకు తీగ అక్కరలేదు. నీళ్లలో రేడియో తరంగాలు కొద్ది దూరంలోనే అణగారిపోతాయి గనుక, దీనికి మాత్రం సాధారణంగా పొడవాటి తీగ కడతారు. గట్టున కూర్చున్న మనిషి ఆ తీగ ద్వారానే దాన్ని నడుపుతాడు. ముందుకు తోసే చిన్న పంకాలు, దీపం, కెమెరా, కొన్నిటికి పట్టుకునే చెయ్యి కూడా వుంటాయి. బురదనీళ్లలో కెమెరా గుడ్డిదే. అక్కడ సోనార్ దిక్కు. శబ్దాన్ని పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి అడుగున వున్నదాని ఆకారం గీస్తుందది.

మనిషి దిగరాదా అంటారేమో. 200 అడుగుల లోతున వొత్తిడి గట్టుమీద కంటే దాదాపు యేడు రెట్లు. సరదాకి మునిగేవారికి 130 అడుగులే హద్దు. 2018 డిసెంబరులో మేఘాలయలో బొగ్గుగనిలోకి నీరు జొరబడి 15 మంది కూలీలు చిక్కుకుపోయినప్పుడు, నెల దాటాక మొదటి మృతదేహాన్ని చూసింది నౌకాదళం దించిన యిటువంటి యంత్రమే.

మన గోదావరి కథ వేరు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన రాయల్ వశిష్ట పడవ కచ్చులూరు దగ్గర వరదలో మునిగింది. ప్రాణాలతో బయటపడింది 26 మంది. వాళ్లను వొడ్డుకు చేర్చినవి యే యంత్రాలూ కావు, దగ్గరి పల్లెల వారి పడవలు. సుమారు 50 మంది పోయారు. తర్వాత విపత్తు దళాలు, నౌకాదళం వచ్చారు. పడవ యెక్కడున్నదో సోనార్ చూపింది. కాని చూపడం వేరు, తీయడం వేరు. ఆ లోతు, ఆ సుడులు! చివరకు కాకినాడ ధర్మాడి సత్యం బృందం లంగర్లూ ఇనపతాళ్లూ వేసి, అక్టోబరు 22న, అంటే 38వ రోజున, పడవను పైకి లాగింది. అది పాతాళగరిగె పని కాక మరేమిటి? పడవలో యింకా కొన్ని దేహాలు దొరికాయి.

అన్ని రోజులూ గట్టున కూర్చున్నవారి సంగతి ఆలోచించండి. దేహం దొరకనిదే కర్మ చేయడానికి మనసొప్పదు. చట్టమా, కబురు లేని మనిషిని చనిపోయినట్టు యెంచాలంటే మామూలుగా యేడేళ్లు ఆగమంటుంది. బొట్టు తీయాలో వుంచాలో తెలియని ఇల్లాలికి ఆ యంత్రం చూపే మసకబొమ్మ చిన్న ఉపకారం కాదు.

యేడాదికి 55 సెంటీమీటర్ల వాన పడే మా అనంతపురానికి యీ గొడవ యెందుకని నవ్వకండి. మోటబావుల్లో నీళ్లున్న రోజుల్లో పిల్లలు నడుముకు బెండ్లో, ఎండు సొరకాయో కట్టుకుని యీత నేర్చారు. బోర్లు వచ్చాయి, బావులు ఎండాయి, వాటితో యీతా పోయింది. ఇప్పుడేమో హంద్రీ-నీవా కాలువ మీదుగా జీడిపల్లికి కృష్ణనీళ్లు వస్తున్నాయి, చేలల్లో పంటకుంటలు తవ్వారు. నీళ్లు తిరిగి వచ్చాయిగాని యీత రాలేదు. ప్లాస్టిక్ పట్టా పరిచిన కుంటలో జారిన పిల్లవాడికి పైకి పాకడానికి పట్టు కూడా దొరకదు.

జిల్లాకు వొక యంత్రం కావాలనే నేనూ అంటాను. లోతైన జలాశయంలో వెతకడానికి యీతగాణ్ణి బలిపెట్టడం కంటే అది మేలు. కాని ఊపిరాడని మెదడు దెబ్బతినడానికి నాలుగైదు నిమిషాలు చాలు. ఆ లోపల ఏ యంత్రమూ పట్నం నుంచి చేను చేరదు. కుంట గట్టున రాటకు కట్టిన మోకు, గాలి నింపిన లారీ ట్యూబు, అయిదారు వందల రూపాయల ఖర్చు. యీసారి పొలం వెళ్లినప్పుడు మీ కుంట గట్టున అవి వున్నాయో లేవో చూసి రండి.