ఇంటిపేరును కుదింపరాదు

తెలుగువారు ఇంటిపేరును ముందును, పెట్టిన పేరును వెనుకను వ్రాయుదురు. కాలక్రమమున ఆ ఇంటిపేరు బడి హాజరుపట్టీలయందును, పరీక్షాపత్రములయందును చుక్క పెట్టిన యొక ఇంగ్లీషు అక్షరమై మిగిలినది. ఈ పద్ధతి మాకు సమ్మతము కాదు.

మన వేములవాడ ప్రాంతపు చెన్నమనేనివారిని చూడుడు. పత్రికలు "సిహెచ్." అని మాత్రమే యచ్చువేయుటచేత, ఆ ఇంటి ప్రసిద్ధులు మువ్వురును అన్నదమ్ములని మన విద్యార్థులలో పెక్కండ్రెరుగరు. రాజేశ్వరరావుగారు (1923–2016) తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొనిన కమ్యూనిస్టు. సిరిసిల్లనుండి పలుమారులు శాసనసభకు ఎన్నికయిరి. విద్యాసాగరరావుగారు భారతీయ జనతా పక్షమున 1998, 1999 సంవత్సరములలో కరీంనగరమునుండి లోక్‌సభకు గెలిచి, 2014 మొదలు 2019 వఱకు మహారాష్ట్ర గవర్నరుగా నుండిరి. ఒకే ఇంట ఎఱ్ఱజెండాయు, కాషాయజెండాయు!

1929లో జన్మించిన హనుమంతరావుగారు అర్థశాస్త్రమును పట్టిరి. 1982–86 నడుమ ప్రణాళికా సంఘ సభ్యులు. 1994లో వారి అధ్యక్షతను గల సంఘము మెట్టభూముల విషయమై నివేదిక యిచ్చెను. దానిననుసరించి మఱుసటి యేట వాననీటి పరీవాహక పథకములకు క్రొత్త నియమములు వచ్చినవి: సుమారు 500 హెక్టార్లనొక భాగముగ నెంచి, మిట్టనుండి పల్లమునకు వరుసగ గట్లు వేసి నీటిని నిలుపవలెను, ఆ పనిని గ్రామస్థులే నడుపవలెను. వానకు మొగమెత్తి చూచు మన సీమ బాలురకు ఈ సంగతి పాఠముగ చెప్పదగినది.

ఇంటిపేరు కులమును బయటపెట్టును గనుక దాచుటయే మేలని కొందఱందురు. ఆ బాధ నిజమైనదే; మేమును తరగతిగదులలో చూచుచున్నాము. కాని చుక్క చాటున దాగునదేమి? ఊరివారు రెండవ ప్రశ్నలోనే రాబట్టుదురు. ఇంటిపేరునుబట్టి మనుష్యుని తూచు కంటిని దిద్దవలెను గాని, పేరును కోయుట చికిత్స కాదు. పై అన్నదమ్ముల మతములు మూడును ఆ యింటిపేరునుబట్టి ఊహింపగలవారెవరు?

కుదించినచో పొరపాట్లును కలుగును. 1964 నుండి 1990 వఱకు భారత కమ్యూనిస్టు పక్షపు ప్రధాన కార్యదర్శి కృష్ణాజిల్లావారగు చండ్ర రాజేశ్వరరావుగారు. పేరొకటే, పక్షమొకటే, మొదటి అక్షరమును నొకటే!

మఱి భీమకవి మన వేములవాడవాడా, గోదావరి తీరపు వేములవాడవాడా యను వాదము నేటికిని తెగలేదు. ఆ వాదమునకు మూలమాయన యింటిపేరే. అది "వి. భీమకవి" యని మాత్రమే మిగిలియుండినచో, పేచీ పెట్టుకొనుటకైనను మనకు హక్కుండెడిది కాదు.