ఎన్నిక ఉంటే సువార్త ఎందుకు?
రక్షణ పొందేవారిని దేవుడు ముందే ఎన్నుకున్నాడని నమ్మే సంస్కరణవాద విశ్వాసులను అందరూ అడిగేది ఒకటే: మరి సువార్త చెప్పడం దేనికి? నా మటుకు దీనికి జవాబు విలియం కేరీ. ఎన్నికను గట్టిగా నమ్మిన ఈ బాప్టిస్టు, ఒకప్పుడు చెప్పులు కుట్టుకు బతికినవాడు, 1793లో బెంగాల్‌కు వచ్చాడు. 1814లో తెలుగు వ్యాకరణం రాశాడు. 1818లో శ్రీరాంపూర్ ముద్రణాలయం నుంచి తెలుగు కొత్త నిబంధన వెలువడింది. అదే సిద్ధాంతాన్ని సాకుగా చూపి నోరు కట్టేసుకున్న బోధకులూ ఆయన సంఘాల్లోనే ఉన్నారు, కాదనలేం. అయితే వాళ్ల తర్కాన్ని 1785లోనే ఖండించిన బాప్టిస్టు బోధకుడు ఆండ్రూ ఫుల్లర్ కూడా ఎన్నికను నమ్మే కాల్వినిస్టే. దేవుడు గమ్యంతోపాటు దారినీ నిర్ణయించాడు, సువార్త ప్రకటన ఆ దారే అన్నది ఫుల్లర్, కేరీల వాదం. నాకూ అదే సబబనిపిస్తుంది. కేరీ వచ్చిన ఏడేళ్లకు, 1800 డిసెంబరులో గానీ మొదటి విశ్వాసి కృష్ణ పాల్ బాప్తిస్మం తీసుకోలేదు. కేరీ ఫలితమంతా తన మాటకారితనం మీదే ఉందనుకునేవాడైతే రెండో ఏడే ఓడెక్కేవాడు.