లాభం లెక్క ఎవరు వేయాలి?

కువైట్‌లో నలుగురు తెలుగువాళ్లం కలిస్తే తరచూ వచ్చే మాట ఒకటుంది. ఇక్కడ ఇళ్లలో పనిచేసి తిరిగి వెళ్లే ఆడపడుచుల కోసం ఊళ్లో ఏదైనా పెట్టాలని. రాజంపేటలో కుట్టు కేంద్రమో, రాయచోటిలో పచ్చళ్ల యూనిట్టో, నరసాపురం వైపు లేసు పనో. తలా కొన్ని దినార్లు వేసుకుంటే మొదలుపెట్టవచ్చు. సేవ, వ్యాపారం కలిసిన ఇలాంటి సంస్థలనే ఇప్పుడు సోషల్ ఎంటర్‌ప్రైజ్‌లు అంటున్నారు. ఆలోచన మంచిదే.

మాట కాస్త ముందుకు సాగగానే లెక్కలు మొదలవుతాయి. ఎన్ని మిషన్లు, ఎంతమందికి పని, పెట్టుబడి ఎన్నేళ్లకు తిరిగొస్తుంది? ఇవీ అవసరమే. కానీ ఆ లెక్కలు వేసే చోట ఇంటి పని చేసే మనిషి ఒక్కరూ ఉండరు. నా అభ్యంతరం అక్కడే. ఆమెకు విలువైనది నెల జీతమా? పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండటమా? డబ్బు తన ఖాతాలోనే పడటమా? మళ్లీ కోయిట్ విమానం ఎక్కక్కర్లేదన్న ధీమానా? ఆమెను అడగకుండా మనం చెప్పలేం.

అడిగి చేసినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990లలో సొంతంగా జొన్నల పంపిణీ నడిపాయి. ఎవరు పేదలో ఆఫీసు కాగితాలు తేల్చలేదు. ఊరివాళ్లే నేలమీద ఊరి పటం గీసి, పేదరికానికి కొలతలు తామే పెట్టుకుని, ఒక్కో ఇంటినీ చర్చించి నిర్ణయించారు. చదువు రానివాళ్లు కూడా ఆ పటం ముందు కూర్చుని మాట్లాడగలిగారు.

మనం వామనగుంటలతో ఆ పని చేయవచ్చు. సర్వే ఫారం చేతికిస్తే, "మీరెలా అంటే అలాగే సార్" అంటారు. చింతగింజలు చేతికిస్తే అలా కాదు. ఒక వరుసలోని ఏడు గుంటల్లో ఆరింటికి ఒక్కో బొమ్మ పెడదాం: జీతం, పిల్లలు, సొంత ఖాతా, ఆరోగ్యం, విశ్రాంతి, మర్యాద. మనకు తట్టనిది వాళ్లు చెప్పడానికి ఏడోది ఖాళీగా ఉంచుదాం. ఒక్కొక్కరికీ ఇరవై గింజలిచ్చి పంచమందాం. తర్వాత "ఈ నెల ఆర్డర్లు రాలేదు" అని పది వెనక్కి అడుగుదాం. చివరిదాకా ఏ గుంటలో గింజలు తీయరో, సంస్థ కాపాడాల్సింది దాన్ని.

ఆటలోనూ ఒక ప్రమాదం ఉంది. అమెరికాలో లిజ్జీ మాగీ 1904లో పేటెంట్ పొందిన 'ల్యాండ్‌లార్డ్స్ గేమ్' భూమి అద్దెలు కొందరినే ఎలా ధనవంతులను చేస్తాయో చూపించడానికి పుట్టింది. అదే చివరికి ఎదుటివాళ్లను దివాలా తీయిస్తేనే గెలిచే మోనోపలీ అయింది. కాబట్టి బొమ్మలు, నియమాలు మార్చే హక్కు కూడా ఆ మహిళలకే ఉండాలి.

మరి వాళ్లు వచ్చేదెలా? ఇంటి పనివారికి వారానికో రోజు సెలవు ఇవ్వాలని కువైట్ 2015 నాటి 68వ నంబరు చట్టం చెబుతోంది. అయినా శుక్రవారం గడప దాటలేనివాళ్లు ఎందరో ఉన్నారు. మాలియాకో, ఫర్వానియాకో రాగలిగినవాళ్లతోనే ఆట ముగిస్తే, ఎక్కువ కష్టంలో ఉన్నవాళ్ల మాట మళ్లీ బయటే ఉండిపోతుంది. అలాంటివాళ్ల జవాబులు పని ముగిశాక వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో తీసుకోవాలి. పేరు అడగకూడదు.

మన సంఘాలకు నా సూచన ఒక్కటే. మిషన్లు కొనేముందు నాలుగు శుక్రవారాలు ఈ పనికి కేటాయించండి. అక్కడ తేలిన కొలతలను సంస్థ నిబంధనల్లో రాయండి. ఏటా నివేదికలో ముందు వాటి ఫలితం చెప్పి, ఆ తర్వాతే దినార్ల లెక్క చదవండి. నిర్వహణ కమిటీలో సగం కుర్చీలు తిరిగి వెళ్లిన మహిళలకే ఇవ్వండి.