కాపరి మాట: అయ్యగారూ, పిచ్చోడని రాస్తారేమో!

మా మేడిపల్లి సంఘములో ఒక తల్లి కన్నీళ్లతో వచ్చింది. "అయ్యగారూ, బాబు మూడో తరగతికి వచ్చినా అక్షరాలు నిలవడం లేదు. పరీక్ష చేయిస్తే పిచ్చోడని రాస్తారేమో!" ప్రార్థన చేసి పంపేశాను. ఒక సంవత్సరం పోయింది. ఆ తప్పు నాదే.

తరువాత బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌కు వెళ్లాము. 1984లో ఏర్పడిన ఆ జాతీయ సంస్థను జనం ఇప్పటికీ ఎన్.ఐ.ఎం.హెచ్. అనే అంటారు. అక్కడ సూదులు లేవు, మందులు లేవు. చెక్కబిళ్లలను వాటి గుంటలలో అమర్చమన్నారు, ఎంతసేపు పట్టిందో చూశారు. స్నానం తానే చేస్తాడా, కొట్టుకు వెళ్లి సామాను తెస్తాడా అని తల్లిని అడిగారు. అంతా తెలుగులోనే. రాని భాషలో అడిగితే వచ్చే అంకెకు విలువ లేదు గదా!

ఆ అంకె సగటు 100. 70కి దిగువన ఉండి, రోజువారీ పనులలో కూడ వెనుకబడితేనే మేధోవైకల్యము అంటారు. 1905లో పారిస్‌లో బినే ఇలాంటి పరీక్ష తయారుచేసింది సాయం అవసరమైన పిల్లలను గుర్తించడానికే, గెంటివేయడానికి కాదు.

మన బాబుకు తెలివి సరిగానే ఉంది, చిక్కంతా చదవడంలోనే. ఇప్పుడు తల్లి ఇసుకలో అక్షరాలు దిద్దిస్తోంది. సండే స్కూలులో కానుకల లెక్క చూసేది అతడే.