పాత సామాన్ల బండికి చట్టంలో చోటేది?

గరివిడి అనగానే మాంగనీసు ఖనిజం, ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం గుర్తుకు వస్తాయి. అదే గరివిడి వీధులలో పాత ఇనుము కొనే బండి మీద నేడు పగిలిన టీవీలు, కాలిపోయిన మిక్సీలు, పనిచేయని సెల్‌ఫోన్లు కూడా చేరుతున్నాయి. దేశమంతటా ఈ బండ్లను తోసేవారిలో దళితులు, ముస్లింలు అధికం. బ్యాంకు అప్పు పుట్టని కుటుంబాలకు అందిన వ్యాపారం ఇది. కనుక ఎలక్ట్రానిక్ వ్యర్థాల చట్టాన్ని మేము పర్యావరణ విషయంగా మాత్రమే చూడలేము.

కేంద్రం 2022 నవంబరులో ప్రకటించిన నియమావళి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. అందులో నమోదుకు నాలుగు వర్గాలే ఉన్నాయి: తయారీదారు, ఉత్పత్తిదారు, బాగుచేసి అమ్మేవారు, పునఃశుద్ధి కర్మాగారం. 2016 నియమాలలో సేకరణ కేంద్రానికి, విడదీసేవారికి పేరైనా ఉండేది. ఇప్పుడు అదీ లేదు. ఆయుష్షు తీరిన సరుకులో 2025-26కు 70 శాతం మేరకు పునఃశుద్ధి ధ్రువపత్రాలను కంపెనీలు సమకూర్చుకోవాలి. ఆ ధ్రువపత్రాల సొమ్ము కర్మాగారానికి చేరుతుంది. ఇంటింటికీ తిరిగి సేకరించినవానికి తూకం డబ్బే మిగులుతుంది.

చట్టంలో పేరు లేనివారి గతి ఏమిటో ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లో చూశాము. ఇత్తడి పని తగ్గిన కుటుంబాలు, అత్యధికంగా మనవారే, సర్క్యూట్ బోర్డులు కాల్చి లోహం తీసే పనికి దిగాయి. రామగంగ ఒడ్డున నల్లని బూడిద పేరుకుంది. అక్కడ వ్యర్థాలు పారబోసేవారికి లక్ష రూపాయల జరిమానా విధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో ఆదేశించింది. నది పక్షాన అది న్యాయమే. ఆ కుటుంబాలకు మరో పని చూపవలసినవారెవరు?

మన తప్పును దాచము. తీగల మీది ప్లాస్టిక్‌ను కాలిస్తే డయాక్సిన్లు వెలువడతాయి. బోర్డుల టంకంలోని సీసం ఆ పెరట్లో ఆడుకునే పిల్లల రక్తంలో చేరి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కాల్చిన రాగి కన్నా ఒలిచిన రాగికి ధర కూడా ఎక్కువే. కాల్చవద్దన్న మాట అధికారి కన్నా ముందు మస్జిద్ కమిటీ చెప్పాలి.

అదే నియమావళిలో మనం ఇంతవరకు గట్టిగా అడగని హక్కు ఒకటుంది. వ్యర్థాలను విడదీసే, పునఃశుద్ధి చేసే కార్మికులను రాష్ట్ర కార్మిక శాఖ గుర్తించి నమోదు చేయాలి, వారు సంఘాలుగా ఏర్పడేందుకు తోడ్పడాలి, శిక్షణ ఇవ్వాలి. పరిశ్రమల శాఖ స్థలమో షెడ్డో కేటాయించాలి. 2016 నియమాలలోనూ ఈ బాధ్యత ఉంది. బండి తోసేవాడు విడదీసేవాడు కాడని అధికారి అనవచ్చు. సాయంత్రం ఇంటి ముందు కూర్చుని సుత్తితో విడదీసేది అతడే. దొంగ సరుకేమోనని దారిలో పోలీసు ఆపినప్పుడు చూపడానికి అతని దగ్గర ఒక కార్డైనా లేదు.

గరివిడి, చీపురుపల్లి బండ్లవారి పేర్లు, వారు ఏ సామాను విడదీస్తారో, ఎక్కడ విడదీస్తారో మన యువకులు ముందుగా రాసి పెట్టాలి. విజయనగరం కలెక్టరేట్‌లో సోమవారాలు అర్జీలు తీసుకుంటారు. కార్మిక శాఖకు ఆ జాబితాతోపాటు షెడ్డు కోసం అర్జీ అక్కడే ఇవ్వాలి, రసీదు తీసుకోవాలి.